పేరు లేని కత్తి ఊరెలా తెలుస్తుంది?

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది ఆశ్విక దళం వాడిన కత్తి మీద దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉంటాయి. మసాచుసెట్స్‌లోని ఏమ్స్ కంపెనీ కత్తినే తీసుకుంటే పేరు, సంవత్సరం, ‘యు.ఎస్.’ ముద్ర, తనిఖీ చేసినవారి పొడి అక్షరాలు అలుగు మీదే కనిపిస్తాయి. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది కత్తుల్లో చాలావాటికి ఇవేవీ లేవు. 1861లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు అక్కడ కత్తులు చేసే పెద్ద కర్మాగారాలు లేవు. అందుకే చిన్న చిన్న కార్ఖానాలు ఆ పనికి దిగాయి. నాష్‌విల్‌లో నాగళ్లు చేసేవాళ్లూ కత్తులు చేశారు. వాళ్లు మాత్రం పిడి కాపు మీద తమ పేరును ఇత్తడిలోనే పోతపోశారు.

పేరు లేనివాటిని పనితనాన్ని బట్టి గుర్తించాలి. ఉత్తరాది అలుగు మీది గాడి పిడి దగ్గర గీత గీసినట్టు ఆగుతుంది. దక్షిణాది అలుగుల్లో చాలావాటి గాడి ఎక్కడ ముగిసిందో చెప్పలేం. వాటి ఇత్తడి రాగి పాలు ఎక్కువై ఎర్రగా ఉంటుంది, పోతలో గాలి బుడగల గుంటలు మిగిలిపోతాయి. తోలు దొరకక పిడికి మైనపు గుడ్డ చుట్టి, పైన ఒంటి తీగ బిగించినవీ ఉన్నాయి. ఒర రేకు అంచులను ఒకదానిపై ఒకటి ఎక్కించి టంకం వేసేవారు.

వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది లూయీ ఫ్రోలిక్ పని. బవేరియా నుంచి వచ్చిన ఆయన మొదట విల్మింగ్టన్‌లో, తరువాత కెనన్స్‌విల్‌లో కార్ఖానా నడిపాడు. రెండూ నార్త్ కరోలినాలోని ఊళ్లే. 1863 జులైలో ఉత్తరాది ఆశ్వికులు కెనన్స్‌విల్ కార్ఖానాను తగలబెట్టారు. ఆయనవిగా గుర్తించిన కత్తుల్లో కాపు మీద, ఒర మీద ఉలితో చెక్కిన రోమన్ అంకెలుంటాయి. చేత్తో సరిపెట్టిన భాగాలు వేరే కత్తివాటితో కలిసిపోకుండా పనివాళ్లు పెట్టుకున్న గుర్తులవి. కత్తి మీదా ఒర మీదా ఒకే అంకె ఉంటే ఆ రెండూ ఒకే చోట జత కుదిరాయని నమ్మొచ్చు.

అయితే మోటుతనం ఒక్కటే రుజువు కాదు. జర్మనీలోని జోలింగెన్ నుంచి, ఇంగ్లండు నుంచి కూడా దక్షిణాదికి కత్తులు వచ్చాయి. నకిలీ చేసేవాడికి రోమన్ అంకె చెక్కడానికి ఒక్క ఉలి చాలు. కాబట్టి గాడి, ఇత్తడి, తీగ, ఒర అన్నీ ఒకే కార్ఖానా వైపు చూపినప్పుడే దాని పేరు చెప్పాలి. లేనప్పుడు ‘తయారీదారు తెలియదు’ అని రాసిన చీటీయే సరైన చీటీ.