సముద్రము దాటి వచ్చిన వసంతము

వేసవి రాగానే పురుషులకని అమ్మెడు అత్తరు బుడ్లపై నేడు సముద్రపు బొమ్మ తరచుగా కనబడుచున్నది. అందు పెక్కింట కడలిగాలి వాసన కలిగించునది 1966లో కనుగొనబడిన కేలోన్ అను రసాయనము. సముద్రమునకును మగవారి పరిమళములకును గల సంబంధము నెల్లూరి సీమకు మాత్రము క్రొత్త కాదు. ఆరువందల యేండ్ల క్రిందట ఆ పరిమళములు ఓడలలో వచ్చెడివి.

కొండవీటి నేలిన కుమారగిరిరెడ్డి (1386-1402) ఏటేట వసంతోత్సవమున కర్పూరము వెదజల్లించి 'కర్పూర వసంతరాయ' బిరుదము నందెను. సి. నారాయణరెడ్డిగారి కావ్యము వలన ఆ పేరు మన శ్రోతలకు పరిచితమే. రాజు పేరు నిలిచినది. మరి ఆ కర్పూరమును తెచ్చిన దెవరు? సింహవిక్రమపట్టణ మనబడిన నెల్లూరి వర్తకులు, అవచివారు. శ్రీనాథుడు హరవిలాసమును తన బాల్యమిత్రుడగు అవచి తిప్పయసెట్టికి అంకిత మిచ్చుచు, అవతారికలో వారి సరకుల నెలవులను పేర్కొనెను: పంజార కర్పూరము, గోవ సంకుమదము, భోట కస్తూరి, చీనాంబరములు. బర్మా తీరపు తెనసరిం, తవాయి రేవులును అందు కలవు.

పంజార యనగా సుమత్రాదీవి పశ్చిమతీర మని పండితుల నిర్ణయము. అచ్చటి కర్పూరము మిక్కిలి ప్రియము. మ్రాను నరికి చీల్చిన గాని లోపల పలుకులున్నవో లేవో తెలియదు. పెక్కు మ్రాకులలో ఉండవు. చీనా కర్పూర మట్లు గాక కఱ్ఱను బట్టిపట్టి తీయునది. ఏదైనను మూత సరిగా లేనిచో త్రోవలోనే హరించిపోవును!

అంతకంటె పెద్ద భయము గాలివాన. ఓడ చెడి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో సరకంతయు ఆ తీరపు రాజు గైకొనుట పూర్వాచారము. నెల్లూరికి ఉత్తరమున, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున 1244లో కాకతి గణపతిదేవుడు శాసనము వేయించి ఆ యాచారమును మాన్పెను; ముప్పదింట నొకపాలు సుంకము దప్ప వేరేమియు గొనమని అభయ మొసగెను. ఆ సుంకపు పట్టికలో చందనము, కర్పూరము, చీనా కర్పూరము, పన్నీరు, జవ్వాది చేరియున్నవి. 1358లో అనపోతారెడ్డి అచ్చటనే వర్తకులకు మరల అభయ మిచ్చెను. ఆతని కుమారుడే కుమారగిరి. వసంతోత్సవ వైభవమునకు ఈ రెండు శాసనములే పునాదు లని మా తలంపు.

అవచివారు కుమారగిరికే గాక విజయనగరపు హరిహరరాయలకును, బహమనీ సుల్తాను ఫిరోజుషాకును సుగంధద్రవ్యము లిచ్చెడివారు. ఆ యిరువురు ఒకరితో నొకరు యుద్ధము చేసినవారే. సెట్లు ఇరుపక్షములకును సరకు పంపిరి.