మైక్రోఫోను (కంప్యూటరు): దోషపరీక్ష

శబ్దతరంగములను విద్యుత్సంకేతములుగా మార్చి కంప్యూటరునకు అందించు సాధనము మైక్రోఫోను. హెడ్‌సెట్లలో విరివిగా కానవచ్చు ఎలక్ట్రెట్ మైకును 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌యందు గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ రూపొందించిరి. ఇందలి పలుచని పొర శాశ్వత విద్యుదావేశము గలదైనను, దాని వెనుకనున్న చిన్న ట్రాన్సిస్టరు పనిచేయుటకు కంప్యూటరునుండి కొద్దిపాటి వోల్టేజి అందవలెను. అది అందనిచో ధ్వని సంపూర్ణముగా నిలిచిపోవును.

మైకు పలుకనంతనే అది చెడినదని తలచి పారవేయుట తగదు. ఏలయన దోషము పెక్కుమార్లు సెట్టింగులయందే యుండును. హెడ్‌సెట్టు, వెబ్‌క్యామ్, ల్యాప్‌టాపు, ఈ మూడింటను మైకులుండగా, కంప్యూటరు మనము మాటలాడుచున్నదానిని విడిచి వేరొకదానిని వినుచుండుట సర్వసాధారణము. విండోస్ సెట్టింగులలోని సౌండు విభాగమున సరియైన ఇన్‌పుట్ పరికరమును ఎంచుకొని, మాటలాడునప్పుడు ధ్వనిస్థాయిని చూపు పట్టీ కదలుచున్నదో లేదో గమనించుట ఉత్తమమైన పరీక్ష. పట్టీ కదలుచున్నను ఎదుటివారికి మాట వినబడనిచో, లోపము ఆ అప్లికేషనునందో, బ్రౌజరునకు మనమీయని అనుమతియందో వెదకవలెను. మ్యాక్ కంప్యూటర్లయందు 2018 నాటి మొహావీ అను ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుకొని ఇట్టి అనుమతి తప్పనిసరియైనది.

పట్టీ కదలనిచో మ్యూట్ మీటను, పిదప తీగను పరీక్షింపవలెను. డెస్క్‌టాపులలో గులాబిరంగు రంధ్రము మైకునకును ఆకుపచ్చనిది స్పీకర్లకును కేటాయింపబడినవి. ఫోను హెడ్‌సెట్టు ప్లగ్గునకు నాలుగు స్పర్శస్థానములుండుటచే, దానిని నేరుగా ఆ గులాబి రంధ్రమున గ్రుచ్చిన మైకు సరిగా పనిచేయదు. రెండు పాయలుగా చీలు అడాప్టరు కావలెను. వేరొక యంత్రమునకు తగిలించినను పలుకనిచో అప్పుడు మైకు చెడినదని నిశ్చయింపవచ్చును.