రెండే అక్షరాల పసుపు పలక

హైదరాబాద్ కొత్తగూడ చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నిలబడండి, ఫుట్‌పాత్ మీదే సుమా. కొండాపూర్ వైపు నుంచి వచ్చే బండి ఏదో, గచ్చిబౌలికి పోయేది ఏదో తేలదు. చూపులేనివాళ్లు రోడ్డు దాటేది చాలావరకు చెవితోనే. తాము వెళ్లాల్సిన దిక్కుకే పక్కన బండ్లు కదిలితే, ఎదుట అడ్డంగా వచ్చేవి ఆగాయని లెక్క. నెత్తిన కాంక్రీటు కప్పు ఉంటే ఆ చప్పుడు గోడకు కొట్టిన బంతిలా అన్ని వైపులనుంచీ తిరిగొస్తుంది. మన చౌరస్తాల్లో ఫ్రీ లెఫ్ట్ ఒకటి, దానికి ఎర్రదీపం అడ్డే లేదు. కరెంటు ఆటో అయితే మీదికొచ్చేదాకా ఉలుకూ పలుకూ ఉండదు.

చెవి చేతులెత్తేసిన చోట పాదానికి దారి చెప్పడానికి పుట్టిందే పసుపు పలక. మెట్రో ప్లాట్‌ఫారం మీద చూసే ఉంటారు. కాలు జారకుండా వేశారని నేను చాన్నాళ్లు అనుకున్నాను.

దీన్ని కనిపెట్టిన సెయిచి మియాకె ఇంజినీరు కాదు. జపాన్‌లోని ఒకాయామాలో బస హోటల్ నడుపుకునేవాడు. స్నేహితుడికి చూపు తగ్గిపోతుంటే చూడలేక 1965లో ఈ పలకను తయారుచేశాడు. 1967 మార్చి 18న ఆ ఊరి అంధుల బడి దగ్గర, రోడ్డు దాటేచోట మొదటిసారి పరిచారు. అక్కడినుంచి రైల్వే స్టేషన్లకు, తర్వాత దేశదేశాలకు పాకింది. ఈ పలక భాషలో ఉన్నవి రెండే అక్షరాలు. పొడుగు గీతలుంటే ‘ఇటే నడువు’, గుండ్రటి బొడిపెలుంటే ‘ఆగు, ముందేదో ఉంది’. ఆ బొడిపె ఎత్తు 5 మిల్లీమీటర్లు, దాదాపు మూడు రూపాయి బిళ్లలు పేర్చినంత. చెప్పు అడుగునుంచి కూడా తెలుస్తుంది.

బొడిపెల పలకకు మరో పని చక్రాల కుర్చీలవల్ల వచ్చింది. కుర్చీ రోడ్డు మీదికి దిగాలంటే ఫుట్‌పాత్ అంచును కోసి వాలు చేయాలి. కానీ తెల్లకర్రకు రోడ్డు మొదలైందని చెప్పేది ఆ అంచే! ఒకరికి అడ్డు తీస్తే ఇంకొకరికి ఆనవాలు పోయింది. వాలు చివర బొడిపెలు పరిచాక గాని ఆ తగవు తీరలేదు.

మన చట్టానికి ఇదంతా తెలియక కాదు. 1995 వికలాంగుల చట్టం 45వ సెక్షన్‌లో ఎర్రదీపం దగ్గర శబ్ద సంకేతం, ఫుట్‌పాత్‌కు వాలు, జీబ్రా క్రాసింగ్ మీద చెక్కుడు గుర్తులు, అన్నీ అప్పుడే రాశారు. ఇక్కడి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంటే పాత బజారుకు కొత్త రూలు పెట్టినట్టు కాదు, ఈ ఐటీ ప్రాంతం కట్టుకుంటూ వచ్చేనాటికే రూలు పుస్తకంలో ఉంది. కాకపోతే ‘ఆర్థిక స్తోమత మేరకు’ అని ఒక సందు వదిలారు. హైటెక్ సిటీకి స్తోమత లేదని ఎవరంటారు? 2023 జనవరి 1న ఇదే కొత్తగూడలో కార్లకు ఫ్లైఓవర్ వచ్చింది కదా.

2016లో దాని స్థానంలో కొత్త చట్టమొచ్చింది. దాని కింద వచ్చిన 2017 నిబంధనల్లో 15(1)ని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న కొట్టేసింది. తప్పనిసరి కావాల్సినవాటిని వట్టి సలహాల్లా మిగిల్చిందని, కచ్చితంగా పాటించాల్సినవి మూడు నెలల్లో కొత్తగా రాయమని చెప్పింది. కోర్టుకు ఆధారమైన నివేదిక రాసింది మన ఊరివాళ్లే, శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం.

ఈమధ్య నగరంలో ఒక ఫుట్‌పాత్ మీద పసుపు గీతల వెంట నడిచాను. వరస తిన్నగా కరెంటు స్తంభం దగ్గరికే తీసుకెళ్లింది. ముందే హెచ్చరించే బొడిపెల పలక ఒక్కటీ లేదు. స్తంభానికి ఆనుకునేలా మేస్త్రీ పలకను గుండ్రంగా, ఎంతో పొందికగా కోసి అతికించాడు. అటుపక్క గీతలు మళ్లీ మొదలయ్యాయి.