పాత మరబోటు ధర నిర్ణయం

వాడిన చేపల వేట బోటుకు అమ్మకందారు చెప్పే రేటు సబబా కాదా అని తేల్చే లెక్కే పాత మరబోటు ధర నిర్ణయం. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ఇలాంటి బోట్లు చేతులు మారడం మామూలే అయినా, వాటికి అచ్చువేసిన రేట్ల పట్టికంటూ లేదు. హైటెక్ సిటీలో పాత కారు కొనే ఉద్యోగి ఫోన్‌లో మోడల్ ఏడాది, తిరిగిన కిలోమీటర్లు కొట్టి ఒక అంచనాకు వస్తాడు. అదే పద్ధతితో రేవుకు వస్తే దళారికి పండగే. ఒకే ఏడాది నీటిలో దిగిన రెండు మరబోట్లలో ఒకటి ఏటా ఒడ్డెక్కి మరమ్మతు చేయించుకుని ఉంటుంది, రెండోదానికి పైపై రంగు మాత్రమే పడి ఉంటుంది. కాబట్టి వయసును బట్టి ధర కట్టడం కుదరదు. బోటు బాడీకి మిగిలిన ఆయుష్షు, దాని కాగితాలు, ఈ రెండే ధరకు అసలు ఆధారం. మిగతావన్నీ బిల్లు వేసి తీసివేయగల ఖర్చులు.

దీనికి మొదటి అభ్యంతరం ఇంజన్ గురించి వస్తుంది. వేట ఖర్చులో డీజిల్‌దే పెద్ద వాటా కదా, ఇంజన్‌ను ఎలా పక్కన పెడతామంటారు. పక్కన పెట్టనక్కర్లేదు, దాన్ని లెక్కగట్టడం తేలిక. అదే రకం బోటు బాగున్న స్థితిలో రేవులో 30 లక్షలకు పోతోందనుకుందాం. ఇంజన్ మార్చడానికి 6 లక్షలు, వల లాగే వించికీ ఐసు గదికీ మరో 2 లక్షలు అవుతాయని మెకానిక్ చెబితే, బేరం 22 లక్షల దగ్గర మొదలవ్వాలి. చెక్క బాడీ విషయంలో ఈ సుఖం లేదు. చెక్కను తొలిచే సముద్రపు పురుగు బయటికి చిన్న చిల్లులే చూపించి, లోపల సొరంగాలు చేస్తుంది. పైన ఫైబర్ పూత వేసి ఉంటే ఆ చిల్లులూ కనపడవు, పూతకూ చెక్కకూ మధ్య చేరిన తడి కుళ్లును పెంచుతుంది. అడుగు దూలం మెత్తబడితే ఎన్ని పలకలు విప్పాలో విప్పేదాకా ఏ వడ్రంగీ చెప్పలేడు. అంతులేని ఖర్చు కాబట్టే దాన్ని ధరలో తగ్గించి సర్దుకోవడం కాదు, అలాంటి బోటును వదిలేయడమే మేలు. కొత్త జీపీఎస్, మెరిసే రంగు ఎక్కువగా కనిపించిన చోట అడుగు చెక్కను సుత్తితో మరికాస్త ఎక్కువగా కొట్టి చూడాలి.

బోటు ఎంత చేప తెస్తోందో చూస్తే చాలదా అన్నది రెండో అభ్యంతరం. ఆ లెక్క అమ్మకందారుకు అనుకూలంగానే ఉంటుంది. వేట రాబడిలో బోటు నడిపే సరంగు నేర్పు, ఆ ఏటి రొయ్య, మార్కెట్ రేటు కలగలిసి ఉంటాయి; బోటు చేతులు మారితే సరంగు కూడా వస్తాడన్న హామీ లేదు. పైగా పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికే చేప అమ్మాలన్న కట్టుబాటు ఉంటే, బోటుతో పాటు ఆ బాకీ కూడా కొనుక్కున్నట్టే.

కాగితాల విలువ 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత బయటపడింది. పదుల కొద్దీ బోట్లు కాలిపోగా, ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారంగా ప్రకటించింది. 80 శాతం కట్టాలంటే ముందు నూరు శాతం ఎంతో తేలాలి. బూడిదైన బోటు బాడీని తట్టి చూడలేం. రిజిస్ట్రేషన్, కొనుగోలు రసీదు, మరమ్మతు బిల్లులే అప్పుడు సాక్ష్యం. మామూలు రోజుల్లోనూ అంతే. 2019లో లీటరుకు 9 రూపాయలకు పెంచిన డీజిల్ రాయితీ రిజిస్టరైన బోట్లకే అందుతుంది. మత్స్యశాఖ పుస్తకాల్లో పేరు మారని బోటు ఎంత చవకైనా చవక కాదు.

ఎప్పుడు కొనాలన్నది కూడా ధరలో భాగమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. రాబడి ఆగిన అమ్మకందారు అప్పుడే మెత్తబడతాడు, మరమ్మతుకు ఒడ్డెక్కిన బోటు అడుగు కూడా అప్పుడే కంటికి కనిపిస్తుంది. అయితే ఆ రోజుల్లో వేటకు తీసుకెళ్లి ఇంజన్, గేర్‌బాక్స్, వించి బరువు మీద ఎలా పనిచేస్తాయో చూడలేమనడం న్యాయమైన మాటే. బాడీని నిషేధంలో పరీక్షించి బేరం కుదుర్చుకుని, సొమ్ములో కొంత భాగాన్ని జూన్ 15 తర్వాతి తొలి వేట ముగిసేదాకా ఆపి ఉంచేలా ఒప్పందం రాసుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది.