మైనపు నెమలి

ఉషేగాంలో పొద్దుటి చలికి మైనం రాయిలా బిగుసుకుపోయింది. డోక్రా ఇత్తడి బొమ్మలు పోసే ఓజాల ఇంటి ముందు పందిట్లో కూర్చున్నాం. దాదా (ఇక్కడ అన్నను అలాగే పిలుస్తారు) మైనపు ముద్దకు నిప్పుల సెగ చూపించి వేళ్ల మధ్య నలుపుతున్నాడు. తేనెమైనం, గుగ్గిలం కలిసిన వాసన. గుగ్గిలం పాలు ఎక్కువైతే తీగ పెళుసెక్కుతుంది, తక్కువైతే ఎండపొడకే వాలిపోతుంది.

ముద్దను గొట్టంలో పెట్టి నొక్కగానే సన్న కారప్పూసలా తీగలు దిగాయి. ఒళ్లో మట్టి నెమలి. దానికింకా కళ్లు లేవు, ఈకలు లేవు. మెడ దగ్గర తీగ ఆనించి చుట్టడం మొదలుపెట్టాడు. వరసకు ఆనుకుని వరస, ఎక్కడా సందు లేదు. నా చేతికీ ఒక తీగ ఇచ్చాడు. రెండో చుట్టుకే తెగింది.

"గుంజకు. దాన్ని పోనియ్యి, అదే వస్తది."

తోక అతికే చోట బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. వేలిముద్ర గీతలతో సహా పడింది. చెరిపెయ్యలేదు.

దీని మీద ముందు జల్లెడపట్టిన మెత్తటి మట్టి పూయాలి. గీత గీతనూ పట్టుకునేది ఆ పూతే. తర్వాత ఊక కలిపిన ముతక మట్టి. మొహెంజొదారో నర్తకి, 10.5 సెంటీమీటర్ల ఆ కంచు బొమ్మ, పుట్టిన దారీ ఇదే. ఈ పనికే, ఆదిలాబాద్ డోక్రా పేరుతో, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందరూ ఇత్తడి పని అంటారు గానీ, శిల్పమంతా మైనంలోనే ఉందని నాకనిపిస్తుంది. మైనం కరిగిపోయాక ఇత్తడి వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది, అంతే.

పక్కనే కొలిమి. నాలుగు రోజుల కిందట పూసిన మరో నెమలి అందులో కాలుతోంది. 63 డిగ్రీలకే కరిగే మైనం ఎప్పుడో కారిపోయింది. ఇత్తడి కరగాలంటే 900 దాటాలి. పాత చెంబుల ముక్కలు మూసలో ఎర్రబడి, పసుపెక్కి, నీళ్లలా కదిలాయి. పట్టకారుతో ఎత్తి అచ్చు నోట్లో పోస్తుంటే ఎవరూ మాట్లాడలేదు. ధార మధ్యలో తెగకూడదు. తెగితే ఆ నెమలి ఇక లేదు. మైనం పోయింది, మళ్లీ మొదటి తీగ నుంచి చుట్టుకు రావాలి.

చల్లారనిచ్చి సుత్తితో మెల్లగా తట్టాడు. మట్టి పెచ్చులుగా రాలింది. నల్లటి మసి కింద మెడ, చుట్లు, ఒక్కొక్క ఈక. దీని తోక మొదట్లోనూ బొటనవేలి నొక్కు, గీతలతో సహా.

అందులో నా వేలు పెట్టి చూశాను. ఇంకా వెచ్చగా ఉంది.