పాపాఘ్ని సీమలో సువిశేషం

చక్రాయపేట మండలంలో గండి దగ్గర పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని వేంపల్లె వైపు బయటపడుతుంది. శ్రావణ శనివారాల్లో అక్కడి వీరాంజనేయస్వామి గుడికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. ఈ నది పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గరి నందికొండల్లో. అప్పట్లో చిన్నబళ్లాపురం అని పిలిచిన ఆ ఊరి నుంచే 1709 జనవరిలో లెగాక్ అనే ఫ్రెంచి గురువు పుదుచ్చేరి గవర్నరుకు ఉత్తరం రాశాడు. పాపాఘ్ని, పెన్నా పారే మెట్టసీమలో కతోలిక విశ్వాసం వేరుపట్టిన చరిత్ర ఆ తరం గురువులతోనే మొదలవుతుంది.

వాళ్లు యేసుసభ వాళ్లు, అంటే జెస్విట్లు. పుదుచ్చేరి కేంద్రంగా 18వ శతాబ్దం తొలి ఏళ్లలో మొదలైన వాళ్ల ప్రయత్నానికి కర్ణాటక మిషన్ అని పేరు. పుంగనూరు, చిన్నబళ్లాపురం, అనంతపురం వైపున్న కృష్ణాపురం వాళ్ల మజిలీలు. అంతకు నూరేళ్ల ముందు మధురలో రాబర్ట్ ది నోబిలి వేసిన బాటలోనే వీళ్లూ నడిచారు. కాషాయం కట్టారు, మాంసం మానేశారు, సన్యాసుల్లా బతికారు. తెలుగు, సంస్కృతం పట్టుదలగా నేర్చుకున్నారు. వీరిలో జాన్ కాల్మెట్ 1730లలో వేదాల ప్రతులు సంపాదించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపాడు. కూర్దూ అనే మరో గురువు సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఉన్న చుట్టరికాన్ని గుర్తించి 1767లో పారిస్ పండితులకు రాశాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాట చెప్పింది 1786లో. కూర్దూ రాసింది మాత్రం 1808 దాకా అచ్చుకు నోచుకోలేదు.

పండితుల సంగతి అలా ఉంచితే, సువిశేషం తెలుగు కావ్యంగా మారడం అంతకన్నా పెద్ద విశేషం. 18వ శతాబ్దం మధ్యలో మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ అనే పద్యకావ్యం రాశాడు. అందులో కథానాయకుడు క్రీస్తు. ప్రబంధాల మధ్య పెరిగిన కవి, ప్రబంధాలు వినే పాఠకుల కోసం, బేత్లెహేము కథను వాళ్లకు అలవాటైన ఛందస్సులో పోశాడు. తెలుగు క్రైస్తవ సాహిత్యమంటే 19వ శతాబ్దపు అచ్చు పుస్తకాలతోనే లెక్క మొదలుపెట్టే అలవాటు మనకుంది. ఆ లెక్కలో ఈ కావ్యానికి దక్కాల్సిన చోటు దక్కలేదు.

ఆ కావ్యానికి చాలా ముందే, యేసుసభ గురువులు పాటించిన స్థానిక పద్ధతులు రోమ్‌ను కలవరపెట్టాయి. పోపు ప్రతినిధిగా వచ్చిన తూర్నోన్ 1704లో పుదుచ్చేరిలో 16 అంశాల ఆజ్ఞాపత్రం వెలువరించాడు. తాళిబొట్టు మీద పిళ్లారి బొమ్మ కూడదు, పెళ్లిలో కొబ్బరికాయ కొట్టకూడదు, నుదుట విభూతి రేఖలు కూడదు. నిషేధాల మధ్యలో ఒక అంశం వేరే రకంది. జబ్బుపడిన మాల మాదిగల ఇళ్లకు గురువులు స్వయంగా వెళ్లి దేవద్రవ్యానుమానాలు, అంటే దివ్యసంస్కారాలు, ఇవ్వాలి అని. సన్యాసి వేషంలో ఉన్న గురువు వెలివాడలో అడుగుపెడితే అగ్రవర్ణాల వాళ్లు దూరమవుతారని యేసుసభ వాళ్ల భయం. నలభై ఏళ్లు వాదన సాగింది. 1744లో 14వ బెనెడిక్ట్ పోపు తుది తీర్పు చెప్పినప్పుడు కూడా, దళితుల కోసం విడిగా కొందరు గురువులను నియమించే ఏర్పాటే మిగిలింది. కొబ్బరికాయ మీద అంత కఠినంగా ఉన్న తీర్పు కులం దగ్గరికొచ్చేసరికి సర్దుకుపోవడం ఆ చరిత్రలో అన్నింటికన్నా బాధపెట్టే భాగం. కుష్ఠరోగిని చేత్తో తాకినవాడి బోధను ప్రకటించడానికి వచ్చినవాళ్లు వాడ గుమ్మం దగ్గర తటపటాయించారు.

1773లో పోపు యేసుసభనే రద్దు చేశాడు. మరాఠా దండయాత్రలు, మైసూరు యుద్ధాలు, కరువులు అన్నీ ఆ శతాబ్దంలోనే సీమను పీల్చేశాయి. కతోలిక రెడ్డి కుటుంబాలు అనేకం అనంతపురం, కడప ప్రాంతాలు విడిచి గుంటూరు, పల్నాడు వైపు తరలిపోయాయి. గుంటూరు సీమలో ఈనాడు కనిపించే పాత కతోలిక ఊళ్లకు మూలాలు చాలావరకు ఇక్కడే ఉన్నాయి. ఉండిపోయిన వాళ్లకు గురువు ముఖం కనబడటమే అరుదు. ఆ కాలంలో విశ్వాసాన్ని నిలబెట్టింది ఉపదేశులు, ఇంటి ఆడవాళ్లు. ప్రాణాపాయంలో ఉన్న పసిబిడ్డకు నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వడానికి తిరుసభ నియమం ప్రకారం గురువే ఉండనక్కర్లేదు. జపమాలకు పుస్తకం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. పూసలు లేకపోతే వేళ్లున్నాయి.

సువిశేషంలోని ఉపమానాలు ఈ నేలకు కొత్తవి కావు. విత్తువాడి కథనే తీసుకుంటే, రాతినేల, ముళ్లపొదలు, పిట్టలు అన్నీ మెట్టరైతుకు తెలిసినవే. కానీ సీమలో విత్తనం గొర్రుతో వేస్తారు. జడ్డిగంలో పోసిన గింజ గొట్టాల గుండా సాలులోకే పడుతుంది. గింజ దారిలో పడేట్టు విత్తేవాణ్ణి ఇక్కడి రైతు ఊరుకోడు. పాలస్తీనా రైతు చేత్తో వెదజల్లేవాడు, అందుకే దారి మీదా రాతి మీదా పడింది. ఈ తేడా తెలిసి వింటే కథ బరువు పెరుగుతుంది. ఒక్క గింజ వృథా అయితే ఏడాది తిండికి లోటు పడే చోట, నేల మంచిదా చెడ్డదా అని చూడకుండా గుప్పిళ్లతో చల్లేవాడు ఎంత ఉదారుడో సీమ రైతుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మద్రాసుకు 1875లో వచ్చిన మిల్‌హిల్ గురువులతో తెలుగు నేల మీద విచారణలు (పారిష్‌లు) మళ్లీ ఊపిరి పోసుకున్నాయి. 1928లో నెల్లూరు మేత్రాసనం (డయోసిస్), 1976లో దాని నుంచి కడప మేత్రాసనం ఏర్పడ్డాయి. పాత ఆచారాల వివాదం మీద గురువులు చేయాల్సిన ప్రమాణాన్ని రోమ్ 1940లో ఎత్తేసింది. రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. 1969లో భారత పీఠాధిపతులు కోరిన 12 అంశాలకు రోమ్ అనుమతిచ్చింది. హారతి, చేతులు జోడించి నమస్కరించడం, చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం అందులోవే.

తపస్కాలం ఇప్పుడు ఎలా నడుస్తుందో చూస్తే నుదుటి విభూతి మీద పాత తగాదా ఎంత దూరం వచ్చిందో అర్థమవుతుంది. నిరుడు మట్టల ఆదివారం నాడు ఊరేగింపులో పట్టుకున్న మట్టలు ఎండబెట్టి కాలుస్తారు. ఆ బూడిదను విభూతి బుధవారం నాడు గురువు నుదుట సిలువగా దిద్దుతాడు. తర్వాత ప్రతి శుక్రవారం సిలువ మార్గం. 14 స్థలాల దగ్గర మోకరిస్తూ, లేస్తూ, పాడుతూ సాగుతుంది. పవిత్ర గురువారం నాడు గురువు వంగి 12 మంది కాళ్లు కడుగుతాడు.

కులం చిక్కు మాత్రం నుదుటి గుర్తుల తగాదాలా తేలిగ్గా తేలలేదు. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానం ప్రకటించింది. తిరుసభ లోపలే అంటరానితనం ఉందని అందులో ఒప్పుకుంది. బయట చట్టం సంగతీ అంతే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం పుచ్చుకున్న దళితులకు షెడ్యూల్డు కులాల హోదా దక్కదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సి.

1992లో కడప మేత్రాసనానికి ఒక దళిత యువకుడు గురువయ్యాడు. కర్నూలు జిల్లా పోలూరులో పుట్టిన పూల ఆంథోనీ. టేకూరుపేట, బద్వేలు, వీరబల్లి విచారణల్లో పూజ చేశాడు, పాపసంకీర్తనాలు విన్నాడు. 2008లో కర్నూలు పీఠాధిపతి, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యాడు. 2022 ఆగస్టు 27న రోమ్‌లో పోపు ఫ్రాన్సిస్ ఆయనను కార్డినల్‌ను చేశాడు. తెలుగువాళ్లలో తొలి కార్డినల్ ఆయనే, దళితుల్లోనూ ఆయనే మొదటివాడు. 1704 ఆజ్ఞాపత్రానికి అప్పటికి 318 ఏళ్లు.