జ్వరం దిగితే సరిపోదు: కిడ్నీ ఇన్ఫెక్షన్ కేస్‌షీట్‌కు వ్యాఖ్యానం

నెక్కొండలో చలిపెట్టి జరమొచ్చి, నడుముకు ఒక పక్కన పోటు మొదలైతే చాలామంది ముందు నొప్పుల గోలి వేసుకుంటారు. తగ్గకపోతే నర్సంపేటకో, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో పోతారు. అక్కడ కేస్‌షీట్‌లో రాసే మాటలకు అర్థం ఇంటివాళ్లకూ తెలియాలి.

పైలోనెఫ్రైటిస్: గ్రీకులో ‘పైఎలోస్’ అంటే తొట్టి, ‘నెఫ్రోస్’ అంటే మూత్రపిండం, ‘ఐటిస్’ అంటే వాపు. కిడ్నీలో మూత్రం చేరే తొట్టికీ, కిడ్నీ కణజాలానికీ ఇన్ఫెక్షన్ సోకిందని భావం. ఎక్కువగా పేగుల్లోని ఈ.కోలి బాక్టీరియా మూత్రాశయం దాటి పైకి పాకుతుంది. ఒంటేలు మంటను తేలిగ్గా తీసుకోవద్దనేది ఇందుకే.

యూరిన్ కల్చర్: ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే పరీక్ష. యాంటీబయాటిక్ మొదలుకాక ముందే మూత్రం ఇవ్వాలి.

సీరం క్రియాటినిన్: కండరాల్లో రోజూ పుట్టే వ్యర్థం. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. ఆ పని మందగిస్తే ఇది రక్తంలో పేరుకుంటుంది. కండ కరిగిన ముసలమ్మకు డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములు ఎక్కువే కావచ్చు, దిట్టమైన యువకుడికి అదే మామూలు కావచ్చు. అందుకే పాత రిపోర్టు వెంట ఉండాలి.

ఏకేఐ (అక్యూట్ కిడ్నీ ఇంజురీ): కిడ్నీ పనితీరు హఠాత్తుగా దెబ్బతినడం. అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ కేడీగో 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం క్రియాటినిన్ 48 గంటల్లో డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, వారంలో ఒకటిన్నర రెట్లయినా ఏకేఐ కిందే లెక్క. మూత్రం బాగా తగ్గినా అంతే. ఇన్ఫెక్షన్ ఒక్కటే దీనికి కారణం కాదు. వాంతులతో ఒంట్లో నీరు తగ్గుతుంది, బీపీ పడిపోతుంది. ఆపైన డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల గోలి పడితే కిడ్నీకి రక్తం ఇంకా తగ్గుతుంది. ఎండలో మిర్చి ఏరి వచ్చిన కూలీకి ఈ ముప్పు మరీ ఎక్కువ.

హైడ్రోనెఫ్రోసిస్: దారిలో రాయి లాంటిది అడ్డుపడి, మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బడం. నిలిచిన మూత్రంలో చీము పడితే మందులొక్కటే చాలవు. స్టెంటుతోనో, వీపు నుంచి వేసిన గొట్టంతోనో దారి చేయాలి.

ఎంఫైసిమేటస్ పైలోనెఫ్రైటిస్: క్రిములు కిడ్నీలోనే గాలి పుట్టించే ప్రాణాంతక దశ. ఎక్కువగా అదుపు లేని షుగరువాళ్లలో వస్తుంది, సీటీ స్కాన్‌లో తేలుతుంది.

సెప్సిస్: ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి, అవయవాలు దెబ్బతినే స్థితి. మాట తడబడినా, ఆయాసం వచ్చినా ఒక్క గంట కూడా ఆగకూడదు.

డిశ్చార్జ్: జ్వరం దిగింది గనుక కిడ్నీ కోలుకుందనుకోవద్దు. ఏకేఐ వచ్చినవాళ్లు డాక్టరు చెప్పిన రోజున, మళ్లీ మూడు నెలలకు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. ఆ రిపోర్టులు దాచుకోండి. అడగకుండా నొప్పుల గోలి వేసుకోకండి.